వైబ్‌కు తెలుగు వెతికితే

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగకు సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరిగిన సాయంత్రానికల్లా ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలవుతుంది. వాటికి కుర్రకారు తగిలించే మాట ఒకటే: వైబ్. మూడు లాంతర్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనానికీ అదే మాట, కోటగోడ మీద వాలిన ఎండకీ అదే, తప్పెటగుళ్ల బృందం గాల్లోకి లేచిన క్షణానికీ అదే. సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలోని సొంతూరికి చేరి చెరువుగట్టు ఫొటో పెట్టినవారి మాటా అదే. పెద్దలు ఇది చూసి తెలుగు పోతోందని బెంగపడుతుంటారు. భాషలోకి మాటలు రావడం కొత్త కాదు కాబట్టి ఆ బెంగతో పెద్దగా పని లేదు. పట్టించుకోవలసింది మరొకటి ఉంది. పైన చెప్పిన నాలుగు చోట్లా తెలుగు నాలుగు వేరువేరు మాటలు వాడేది, ఇప్పటికీ వాడుతోంది. వైబ్‌కు సమానార్థకం ఏమిటని వెతికితే ఒక్క మాట దొరకకపోవడానికి కారణం అదే. ఆ ఉత్సాహం జనంలో ఉందా, మనిషిలో ఉందా, చోటులో ఉందా, కదలికలో ఉందా అని ముందు చూసుకుని, ఆ తర్వాతే తెలుగు మాట ఎంచుకుంటుంది.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. వైబ్రేషన్ అన్న మాటను కుదించగా వచ్చింది వైబ్. వైబ్రాఫోన్ అనే వాద్యాన్ని జాజ్ సంగీతకారులు ముద్దుగా వైబ్స్ అనేవారు. మనిషి నుంచో చోటు నుంచో మనకు తాకే భావం అనే అర్థంలో ఈ పొట్టి మాట 1960ల అమెరికా యువతరం నోట బాగా నలిగింది. మూలం లాటిన్‌లోని విబ్రారే అన్న క్రియ. దాని అర్థం ఆడించడం, ఊపడం. తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాలు వైబ్రేషన్‌ను కంపనం అన్నాయి. పత్రికలు దానికి ఒక ఉపసర్గ తగిలించి ప్రకంపనలు చేసి రాజకీయాలకు అప్పగించాయి. ఏ నాయకుడు పార్టీ మారినా జిల్లా రాజకీయాల్లో ప్రకంపనలు పుడతాయి. ఆ పుట్టినవాటిలో చాలావరకు మర్నాటికే అణగిపోతాయన్నది వేరే విషయం.

లాటిన్ ధాతువుకు తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఊపు. తెలుగులో తనంతట తాను జరిగే పనికీ, ఎవరో జరిపించే పనికీ ఒకే ధాతువు నుంచి జంట క్రియలు ఉన్నాయి: ఆగు–ఆపు, రేగు–రేపు, ఊగు–ఊపు. ఆ జంటలో రెండోది నామవాచకంగా మారి ఒక్క ఊపు ఊపాడు, ఊపు మీద ఉన్నాడు, ప్రచారం ఊపందుకుంది అనే దాకా వచ్చింది. అందుకే ఊపు అన్న మాటలో ఎప్పుడూ ఒక తోపు ఉంటుంది, ఒక దిశ ఉంటుంది. కదలనిదానికి ఊపు ఉండదు. ప్రశాంతంగా ఉన్న చెరువుగట్టుకు వైబ్ ఉందని అనవచ్చు, ఊపు ఉందని అనలేరు.

ఊపు ఎలా పుడుతుందో చూడాలంటే ఈ రెండు జిల్లాల్లోనూ తప్పెటగుళ్లకు మించిన చోటు లేదు. గొల్లలు తరతరాలుగా కాపాడుకొస్తున్న కళ ఇది. రేకుతో చేసిన గుండ్రటి వాద్యాన్ని గుండెకు కట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు. మొదట అడుగు నెమ్మదిగా పడుతుంది, పాట స్పష్టంగా వినిపిస్తుంది. కాసేపటికి దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం తగ్గుతుంది. గజ్జెల మోత తప్పెట మోతలో కలిసిపోయాక పాట మాటలు ఎవరికీ పట్టవు. అప్పుడు ఎగురుతారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. చూస్తున్నవారి కాలు కూడా తెలియకుండానే ఆడుతుంది. ఊపొచ్చింది అనే మాట పడేది సరిగ్గా అక్కడ. గమనిస్తే, ఆ ఊపు ఏ ఒక్క ఆటగాడిదీ అనరు. అది లయకు వస్తుంది, లయ నుంచి మనిషికి అంటుతుంది.

అదే ఆటను కాస్త దూరం నుంచి, జనం వైపు నుంచి చూస్తే మాట మారి సందడి అవుతుంది. సందడి అంటే ఇవాళ సంతోషంతో కూడిన చప్పుడు, పిల్లలూ చుట్టాలూ తిరగడం. పూర్వం ఇంత ముచ్చటైన అర్థం లేదు. అన్నమయ్య ‘సందడి విడువుము’ అన్నప్పుడు దాని అర్థం గుంపు తొలగండని. స్వామి మజ్జనవేళకు దారి ఇమ్మని. కన్నడంలో ఇప్పటికీ జనసందణి అంటే జనసమ్మర్దమే. తమిళంలో సందడి అంటే గుంపు చేసే అలికిడి. ఒరుసుకునే గుంపు నుంచి ఆ గుంపు చేసే చప్పుడుకూ, చప్పుడు నుంచి అందులోని ఆనందానికీ తెలుగు సందడి నడిచివచ్చింది. వచ్చినా జనాన్ని మాత్రం వదల్లేదు. ఒక్కడే గదిలో కూర్చుని ఎంత సంతోషంగా ఉన్నా అది సందడి కాదు. మనుమడు వచ్చి ఇల్లంతా సందడి చేశాడంటే, ఆ ఒక్క పిల్లవాడు పదిమంది పెట్టు అని ముద్దు చేయడమే.

ఈ మాట చుట్టూ ఉన్న బలగం చాలా పెద్దది, చాలా చురుకైనది. కోలాహలం, హడావుడి, హంగామా, ఆర్భాటం, సంరంభం అన్నింటినీ పర్యాయపదాల పట్టికలో ఒకే గీత మీద రాసేస్తారు. వాడుకలో చూస్తే వీటి మధ్య పెద్ద తగవే ఉంది. పెళ్లివారింటికి వెళ్లివచ్చినవారు ‘సందడిగా ఉంది’ అంటే మెచ్చుకున్నారు. ‘హడావుడిగా ఉంది’ అంటే తమకు మంచినీళ్లు ఇచ్చే తీరిక కూడా ఎవరికీ లేదని చెప్పారు. ‘హంగామా చేశారు’ అంటే అంత అవసరం లేదని వారి ఉద్దేశం. ‘ఆర్భాటం చేశారు’ అంటే ఇక విమర్శే. చేతిలో డబ్బు లేకున్నా చేశారన్న సూచన కూడా ఉండవచ్చు. కోలాహలం ఇందులో తటస్థం, దూరం నుంచి వినిపించే కలగాపులగపు ధ్వని అది. సంరంభం ఇంకా మొదలుకాని పనికి ముందు ఉండే కదలిక: ఎన్నికల సంరంభం, పంట కోతల సంరంభం. సంఘటన ఒకటే, జనమూ అదే, చప్పుడూ అదే. మాట మారితే చెప్పేవారి తీర్పు మారిపోతుంది. వైబ్ ఈ తీర్పు చెప్పలేదు. మంచి, చెడ్డ అని ముందు మరో మాట చేర్చుకోవాలి. తెలుగు మాటలకు ఆ తోక అక్కర్లేదు.

ఉత్తరాంధ్రకు ఇందులో ఒక సొంత మాట ఉంది: సంబరం. మిగతా చోట్ల సంబరం అంటే మనసులో కలిగే ఆనందం, సంబరపడిపోయాడు అంటారు. ఇక్కడ గ్రామదేవతకు చేసే పండగ పేరే సంబరం. ఫలానా అమ్మవారి సంబరం ఎప్పుడని అడిగితే తేదీ చెబుతారు. మనసులోని భావం పేరూ, ఊరు ఊరంతా చేసే పండగ పేరూ ఒకటే అయిన చోట వాతావరణం ఎలా ఉందని విడిగా అడగనక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందురోజు తొలేళ్లు, ఆ రాత్రి రైతులకు అమ్మవారి దగ్గర పూజించిన విత్తనాలు పంచుతారు. మర్నాడు పొడవాటి చింతమాను చివర ఆసనంలో పూజారి కూర్చుంటాడు. అమ్మవారి చదురుగుడి నుంచి కోటదాకా ఆ మానును మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. జనం అరటిపండ్లు విసురుతారు. దీన్ని వర్ణించడానికి ఈ ప్రాంతంలోని పెద్దలు విశేషణాలు వెతకరు. ‘సిరిమాను బాగా తిరిగింది’ అంటారు. అందులోనే అంతా వచ్చేసింది: మాను ఎక్కడా ఆగలేదు, వాన పడలేదు, తొక్కిసలాట జరగలేదు, అమ్మవారు శాంతించింది.

చోటుకు ఉండే గుణానికి తెలుగు ఇచ్చిన మాట కళ. సంస్కృతంలో చంద్రుడి పదహారో వంతు కళ, పెరుగుతుంది, తరుగుతుంది. ఆ పెరుగుదల, తరుగుదల తెలుగు వాడుకలో ఇంకా నిలిచే ఉన్నాయి. ఇంటికి పెళ్లికళ వస్తుంది, ముఖం కళ తప్పుతుంది, వీధి కళకళలాడుతుంది. కళ తనంతట తాను ఉండేది కాదని, వచ్చిపోయేదని భాషకు తెలుసు. ఈ రెండు జిల్లాలవారికి మరీ బాగా తెలుసు. పని కోసం హైదరాబాదుకూ విశాఖకూ చెన్నైకీ వెళ్లేవారు, చేపల వేటకు గుజరాత్ తీరం దాకా పోయే మత్స్యకారులు ఇక్కడి పల్లెల్లో ఇంటింటా కనిపిస్తారు. భోగికి ముందు రైళ్లూ బస్సులూ నిండి వస్తాయి. తాళాలు వేసిన ఇళ్ల ముందు ముగ్గులు పడతాయి. అప్పుడు ఊరికి కళ వచ్చిందంటారు. కనుమ దాటాక తిరుగు ప్రయాణాలు మొదలై వీధుల్లో ముసలివాళ్లు మాత్రమే మిగిలితే ఊరు బోసిపోయిందంటారు. మెడలో నగ లేకపోతే వాడే మాటే ఊరికీ వాడతారు. ఇక్కడ ఊరి వైబ్ అనేది చెట్టూ చెరువూ చేసేది కాదు. చెరువు ఏడాది పొడుగునా అక్కడే ఉంది. వచ్చిపోయింది మనుషులు.

ఏ మాట ఎక్కడ నప్పుతుందో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. దానికి ఎదురుగా నిలిచే మాట ఏమిటో చూడాలి. సందడి తగ్గితే సద్దుమణుగుతుంది. కళ తగ్గితే వెలవెలపోతుంది. ఊపు తగ్గితే చప్పబడుతుంది. హుషారు తగ్గితే నీరసం వస్తుంది. వీటిని అటూ ఇటూ మార్చి చూస్తే భాష ఒప్పుకోదు: మనిషి సద్దుమణిగాడు అనలేరు, ఊరికి నీరసం వచ్చిందంటే నవ్వుతారు. నిఘంటువులో పక్కపక్కన కూర్చున్న ఈ నాలుగు మాటలు నిజానికి నాలుగు వేరు వీధులవని ఇలా తెలిసిపోతుంది.

మనిషిలో ఉండే చలాకీదనానికి వాడే మాటల్లో సగం పారసీకం నుంచి వచ్చినవే. హుషారు మూలంలో తెలివిడి, అప్రమత్తత అని అర్థం. హిందీలో హోషియార్ అంటే ఇప్పటికీ తెలివైనవాడు. తెలుగులోకి వచ్చేసరికి తెలివి పక్కకు జరిగి ఉషారైన ఉత్సాహం మిగిలింది. జోరు అంటే బలం. ఇక్కడ వేగం కూడా కలిసింది, వాన జోరు, వ్యాపారం జోరు అని మనిషి కానివాటికీ పాకింది. జోష్ అంటే మరగడం. చిత్రంగా తెలుగులోనూ ఆ ఊహ ముందే ఉంది: ఉడుకు రక్తం అంటారు. ఇక ఉత్సాహం సంస్కృతంలో చిన్న మాట కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో వీరరసానికి అదే స్థాయిభావం, అంటే ఆ రసానికి పునాది. ఇప్పుడు అది పాఠశాల వార్షికోత్సవాల వార్తలో ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు’ అన్న వాక్యంలో అరిగిపోయింది. పాల్గొన్నవారందరూ ఎప్పుడూ ఉత్సాహంగానే పాల్గొంటారు కాబట్టి ఆ మాట అక్కడ ఏమీ చెప్పదు.

ఈ గడ్డ మీద పుట్టిన ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే మరో తేడా కనిపిస్తుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడిని కలియుగ భీముడు అన్నారు. అతనిది బలం, సత్తువ; కండలో ఉండేది. బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకు పితామహుడు, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు. కాలి గజ్జె, చేతి చిడత, గొంతులో పాట, నడుమ పిట్టకథ, అన్నీ ఒక్క మనిషే నడిపించి సభను కట్టిపడేసే హరిదాసుది సత్తువ అంటే చాలదు. దానికి ఓజస్సు, వర్చస్సు, తేజస్సు అని మాటలున్నాయి. ఇవి చూసేవారికి తగిలేవి. సత్తువ బరువుకు తెలుస్తుంది, వర్చస్సు ఎదుటివాడికి తెలుస్తుంది. ఒక మనిషి గదిలోకి అడుగుపెట్టగానే మార్పు వచ్చినట్టు అనిపిస్తే ఇంగ్లీషు వైబ్ అంటుంది. తెలుగు వాడుక అంత దూరం పోకుండా ‘ఆయన్ని చూస్తే ప్రాణం లేచివచ్చింది’ అని ఊరుకుంటుంది. ఈ వాక్యంలో శక్తి వచ్చినవాడిలో ఉందా, చూసినవాడిలో లేచిందా అన్నది తేల్చలేరు. వైబ్ అన్న భావానికి తెలుగు అతి దగ్గరగా వచ్చేది బహుశా ఇక్కడే, అదీ నామవాచకంతో కాదు, క్రియతో.

ఉత్సాహం లేమికీ మంచి మాట విజయనగరం నుంచే వచ్చింది. గురజాడ అప్పారావు దేశభక్తి గేయంలో ‘ఈసురోమని’ ఉన్న మనుషులతో దేశం బాగుపడదని అన్నాడు. నీరసం అంటే రసం లేకపోవడం, వైద్యుడికి చెప్పుకునేది. ఈసురోమనడం వేరు. అందులో నిట్టూర్పు ఉంది, ఆశ చాలించుకోవడం ఉంది. ఆ కవి దానికి విరుగుడుగా చెప్పినవి కూడా ఉపన్యాసంలోని ఉత్సాహాలు కాదు, తిండి, కండ.

ఇక పత్రికలకు ప్రియమైన మాట, వాతావరణం. వాతం అంటే గాలి, ఆవరణం అంటే చుట్టూ కప్పుకున్నది. భూమిని కప్పిన గాలిపొరకు పెట్టిన ఈ పేరును ఎండావానలకూ ఇచ్చారు, సభలోని మనఃస్థితికీ ఇచ్చారు. ఇప్పుడు చర్చలు స్నేహపూర్వక వాతావరణంలో జరుగుతాయి, పోలింగు ప్రశాంత వాతావరణంలో, గ్రామసభ ఉద్రిక్త వాతావరణంలో. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దగ్గర ఈ మాట ఎంత ఇరుకున పడుతుందో చూడవచ్చు. ఏడాదిలో రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు మూలవిరాట్టును తాకుతాయి. ఆ రోజు మబ్బు పడితే వార్త ఇలా సాగుతుంది: వాతావరణం అనుకూలించక కిరణదర్శనం కాలేదు, అయినా ఆలయంలో ఆధ్యాత్మిక వాతావరణం నెలకొంది. ఒకే వాక్యంలో రెండు వాతావరణాలు, ఒకటి చెడింది, ఒకటి బాగుంది. ఉపసంపాదకుడు రెండో చోట ‘గుడి భక్తులతో కళకళలాడింది’ అని రాసి ఉంటే మబ్బుకూ భక్తికీ తగువు ఉండేది కాదు.

తీరం వెంట ఉన్నవారికి ఈ మాట మొదటి అర్థం మరపుకు రాదు. కళింగపట్నం పేరు తుపాను హెచ్చరికల్లో తరచూ వినిపించే పేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. ఆ రాత్రి అక్కడివారికి వాతావరణం అంటే గాలి, అంతే. వారి మామూలు మాటల్లోనూ గాలికే ఎక్కువ పని ఉంది. ఎన్నికలప్పుడు ఫలానా పార్టీకి గాలి ఉందంటారు. చదువుకోవడానికి వెళ్లి నడవడి మారినవాడికి పట్నం గాలి సోకిందంటారు. ఎటు లాభమైతే అటు తిరిగేవాడిది గాలివాటం. వాతావరణం కమిటీలు, కార్యాలయాలు కూర్చిన మాటలా నిటారుగా ఉంటుంది. గాలి మనిషిని తాకుతుంది, సోకుతుంది, మారుతుంది. మనోస్థితిని చెప్పే పనికి దాన్నే పాతకాలం నుంచి పెట్టుకున్నారు. ఆవరణం మాత్రం ఇంకోచోట స్థిరపడింది: గుడి ఆవరణ, బడి ఆవరణ. ప్రహరీగోడ లోపలి స్థలం అది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం వాదించినప్పుడు అడిగింది ఈ చూపునే: జనం ఏ మాటతో ఏ పని చేయించుకుంటున్నారో చూడమని.

బలం, శక్తి లాంటి మాటలను శాస్త్రం తన పద్ధతిలో తాను పంచుకుంది. తెలుగు పాఠ్యపుస్తకంలో ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం. కదిలేదానికి గతిశక్తి, ఎత్తున ఉన్నదానికి స్థితిశక్తి. హిందీ పుస్తకంలో ఎనర్జీ ఊర్జా, శక్తి అంటే పవర్. పదో తరగతి దాకా తెలుగులో చదివి తర్వాత హిందీ పుస్తకం పట్టుకున్న పిల్లవాడికి ఈ ఒక్క మాట దగ్గర కొంత తికమక తప్పదు. ప్రభుత్వం మళ్లీ ఇంకో దారి పట్టింది. విద్యుత్తును చూసే శాఖను ఇంధన శాఖ అంటారు. ఇంధనం అంటే మొదట పొయ్యిలో పెట్టే కట్టెపుల్ల.

చివరగా, చెడ్డ వైబ్ సంగతి. ఇది మంచిదానికంటే ఆసక్తికరం, ఎందుకంటే కారణం చెప్పలేని అసౌకర్యాన్ని తెలుగు ఎప్పుడూ గాల్లో వదల్లేదు. ఏదో ఒకదానికి అంటగట్టింది. పసిపిల్ల ఊరికే ఏడిస్తే దిష్టి. పాత ఇంట్లో ఉండబుద్ధి కాకపోతే ఇంటి వాస్తు. ఒంటరిగా వచ్చినవాడికి జ్వరం వస్తే గాలి సోకింది. ఇవేవీ నమ్మనివారు ఏమనాలి? వారికీ ఒక వాక్యం ఉంది: మనసు కీడు శంకిస్తోంది. ఇక్కడ చోటును తిట్టలేదు, మనిషిని తిట్టలేదు. అనుమానిస్తున్నది తన మనసేనని ఒప్పుకుంటూనే ఆ అనుమానాన్ని చిన్నచూపు చూడలేదు. ఇద్దరి మధ్య కుదరని సందర్భానికైతే అంత గంభీరం కూడా అక్కర్లేదు. వైబ్ కలవలేదని కుర్రవాళ్లు చెప్పే చోట, పొసగలేదు అంటే సరిపోతుంది. పొసగడం అంటే రెండు వస్తువులు ఒకదానికొకటి అమరడం. పొసగకపోతే తప్పు ఎవరిదన్న ప్రశ్న రాదు, పెళ్లిచూపులు చూసివచ్చినవారు సంబంధం కుదరలేదని చెప్పడానికి ఈ మాటనే ఎంచుకుంటారు.